ఎస్‌ఎస్‌డీ వేశాక రావలసిన వేగం

వృద్ధ గౌతమి ఒడ్డున ఉన్న మురమళ్ళ పేరు చెప్పగానే ఎవరికైనా గుర్తొచ్చేది భద్రకాళీ సమేత వీరేశ్వరస్వామి నిత్యకల్యాణం. ఏడాది పొడవునా పెళ్ళి జరిగే ఊరు కాబట్టి ఇక్కడా, ఇటు ముమ్మిడివరం, అమలాపురం వైపూ, అటు యానాం వైపూ ఫొటో, వీడియో పనివాళ్ళకు, శుభలేఖలూ ఫ్లెక్సీలూ తయారుచేసే డీటీపీ వాళ్ళకు చేతినిండా పని. వాళ్ళందరి దగ్గరా కొత్త కంప్యూటర్లు ఉండవు. పాత సిస్టం ఆన్ చేసి, టీ తాగి వచ్చేసరికి కూడా విండోస్ పూర్తిగా లేవని అనుభవం వాళ్ళకు కొత్త కాదు. అలాంటివారికి ఎవరైనా ఇచ్చే మొదటి సలహా ఒకటే: హార్డ్ డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ వేయించండి.

సలహా సరైనదే. పాత కంప్యూటర్‌కి పెట్టే ఖర్చులో రూపాయికి ఇంతకంటే ఎక్కువ ఫలితం ఇచ్చే మార్పు లేదని నా నమ్మకం. కానీ డ్రైవ్ మార్చడంతోనే పని అయిపోయిందనుకోవడం పొరపాటు. ఒకే రకం డ్రైవ్ ఒక సిస్టంలో చకచకా నడుస్తుంది, ఇంకో దాంట్లో ఆరు నెలలకే మొరాయిస్తుంది. తేడా తరచుగా డ్రైవ్‌లో ఉండదు; దాన్ని ఎక్కడ తగిలించాం, ఎలా నింపాం, దాని నుంచి ఏమి ఆశించాం అన్నదాంట్లో ఉంటుంది. అది అర్థం కావాలంటే ముందుగా హార్డ్ డిస్క్‌లో సమయం ఎటు పోతుందో చూడాలి.

తిరిగే పళ్ళేల మీద అయస్కాంత గుర్తులుగా సమాచారం దాచే పద్ధతి 1956లో ఐబీఎం రామాక్ యంత్రంతో వచ్చింది. అందులో 24 అంగుళాల పళ్ళేలు 50 ఉండేవి. ఇప్పటి హార్డ్ డిస్క్ అరచేతిలో ఇమిడిపోయినా సూత్రం అదే. ల్యాప్‌టాప్ డిస్క్ నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంది. అంటే ఒక చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావలసిన చోటు సమాచారం చదివే తల కిందికి రావడానికి సగటున అర చుట్టు ఆగాలి కాబట్టి 5.6 మిల్లీసెకన్లు. దానికి ముందు ఆ తల సరైన వరుస మీదికి జరగడానికి ఇంకో 12 మిల్లీసెకన్ల వరకు పడుతుంది. మొత్తం మీద ఒక్కో చిన్న ముక్క చదవడానికి 17 మిల్లీసెకన్లు అనుకుందాం.

చెప్పుకోవడానికి అది చాలా తక్కువే. అయితే విండోస్ లేచేటప్పుడు, ఫొటోషాప్ తెరుచుకునేటప్పుడు చదివేది ఒక పెద్ద ఫైలు కాదు. డిస్క్ నిండా చెల్లాచెదురుగా ఉన్న వేల చిన్న ముక్కలు. పదివేల ముక్కలు చదవాలనుకోండి: 17 మిల్లీసెకన్ల చొప్పున 170 సెకన్లు, దాదాపు మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాల్లో ప్రాసెసర్ చేసే పని పెద్దగా ఉండదు, కాచుకుని కూర్చోవడం తప్ప. ఇలా చెదురుమదురుగా 4 కేబీ ముక్కలు చదివే హార్డ్ డిస్క్ అసలు వేగం కడితే సెకనుకు పావు ఎంబీ కూడా రాదు. అదే డిస్క్ ఒక సినిమా ఫైలును వరుసగా కాపీ చేసేటప్పుడు సెకనుకు 100 ఎంబీ ఇస్తుంది.

ఎస్‌ఎస్‌డీలో తిరిగేది, జరిగేది ఏదీ లేదు. ఏ మూల ఉన్న ముక్కకైనా దాదాపు ఒకే సమయం, సుమారు 0.1 మిల్లీసెకను. పైన చెప్పిన పదివేల ముక్కలూ ఒక్క సెకనులో వచ్చేస్తాయి. డబ్బా మీద పెద్ద అక్షరాలతో వేసేది మాత్రం సెకనుకు 550 ఎంబీ అన్న అంకె. అది వరుసగా చదివే వేగం. ఆ లెక్కన హార్డ్ డిస్క్ కంటే అయిదున్నర రెట్లే. మనకు రోజూ తెలిసొచ్చే సుఖం ఆ అయిదున్నర రెట్ల వల్ల కాదు, డబ్బా మీద అలా కనిపించని నూట డెబ్భై రెట్ల వల్ల. ఎస్‌ఎస్‌డీ అసలు గుణం కాచుకునే సమయాన్ని తీసేయడం. ఈ ఒక్క మాట పట్టుకుంటే ఏది కొనాలి, ఎక్కడ పెట్టాలి, ఎలా వాడాలి అనే ప్రశ్నలకు చాలావరకు జవాబులు దొరుకుతాయి.

మరి ఆ 0.1 మిల్లీసెకను ఎల్లకాలం అలాగే ఉంటుందా? ఉండదు. ఎందుకో తెలియాలంటే చిప్ లోపలికి వెళ్ళాలి. ఫ్లాష్ మెమరీని జపాన్‌లో తొషిబా సంస్థలో పనిచేసిన ఫుజియో మసువోకా కనిపెట్టారు. నేటి ఎస్‌ఎస్‌డీలకు ఆధారమైన నాండ్ రకాన్ని ఆయన బృందం 1987లో ప్రకటించింది. దాని మూలభావన ఇంకా పాతది. 1967లో బెల్ ప్రయోగశాలలో డావన్ కాంగ్, సైమన్ జీ ఇద్దరూ చుట్టూ విద్యుత్ నిరోధకంతో మూసిన ఒక చిన్న గదిలో ఎలక్ట్రాన్లను బంధించి ఉంచవచ్చని చూపారు. ఎలక్ట్రాన్లు ఉంటే ఒక విలువ, లేకపోతే మరొకటి. మూసిన గదిలోకి అవి ఎలా వెళతాయి? ఆ నిరోధకపు పొర మందం పది నానోమీటర్లకు అటూ ఇటూ. దాని మీద 20 వోల్టుల దాకా ఒత్తిడి పెడితే, క్వాంటం భౌతికశాస్త్రం చెప్పే టన్నెలింగ్ వల్ల ఎలక్ట్రాన్లు పొరను దాటి లోపలికి చేరతాయి. కరెంటు తీసేసినా బయటికి రాలేక అక్కడే ఉంటాయి. రాసి చెరిపిన ప్రతిసారీ ఆ పొర కాస్త దెబ్బతింటుంది. ఎస్‌ఎస్‌డీకి ఆయుష్షు ఉండడానికి కారణం ఇదే.

మొదట్లో అలాంటి ఒక గదిలో, అంటే ఒక సెల్‌లో, ఒక బిట్టే దాచేవారు. ధర తగ్గించడానికి రెండు, తర్వాత మూడు, ఇప్పుడు నాలుగు బిట్లు కుక్కుతున్నారు. మూడు బిట్ల టీఎల్‌సీలో ఎలక్ట్రాన్ల పరిమాణాన్ని ఎనిమిది మెట్లుగా, నాలుగు బిట్ల క్యూఎల్‌సీలో పదహారు మెట్లుగా గుర్తించాలి. మెట్లు దగ్గరయ్యే కొద్దీ రాయడం నెమ్మదిస్తుంది, ఓర్పూ తగ్గుతుంది. ఒక బిట్ సెల్ లక్షసార్లు చెరిపి రాయడాన్ని తట్టుకుంటే, టీఎల్‌సీ వెయ్యి నుంచి మూడువేల సార్లు తట్టుకుంటుంది. క్యూఎల్‌సీ అంతకంటే తక్కువే.

అసలు చిక్కు ఇంకొకటుంది. ఫ్లాష్‌లో చదవడం, రాయడం పేజీల లెక్కన జరుగుతాయి. పేజీ అంటే ఇప్పుడు సాధారణంగా 16 కేబీ. చెరపడం మాత్రం బ్లాకుల లెక్కన. ఒక బ్లాకులో వందల నుంచి వెయ్యి పైచిలుకు పేజీలుంటాయి. పైగా ఒకసారి రాసిన పేజీ మీద చెరపకుండా మళ్ళీ రాయడానికి లేదు. ఊడ్చిన చేలో ఒక్క కుదురు మార్చాలంటే తక్కిన కుదుళ్ళన్నీ పీకి పక్కచేలో ఊడ్చి, ఈ చేను మళ్ళీ దమ్ము చేయాల్సి వస్తే ఏ రైతూ ఆ పని చేయడు. మార్చాల్సిన కుదురుని ఖాళీగా ఉన్న ఇంకో చేలో పెట్టి ఊరుకుంటాడు. ఎస్‌ఎస్‌డీలోని కంట్రోలర్ చేసేదీ అదే. మార్చిన ఫైలును పాతచోట రాయదు. ఖాళీ పేజీలో రాసి, పాత పేజీ పనికిరాదని తన పట్టికలో గుర్తు పెట్టుకుంటుంది. పనికిరాని పేజీలు పోగయ్యాక, తీరిక దొరికినప్పుడు, ఒక బ్లాకులో మిగిలిన మంచి పేజీలను వేరేచోటికి తరలించి ఆ బ్లాకును చెరుపుతుంది. చదవడానికి వంద మైక్రోసెకన్ల లోపే చాలు. చెరపడానికి కొన్ని మిల్లీసెకన్లు కావాలి.

ఇప్పుడు డ్రైవ్ నిండిపోయిందనుకోండి. ఖాళీ బ్లాకులు లేవు. ఒక చిన్న ఫైలు సేవ్ చేయడానికే మంచి పేజీలను తరలించి, బ్లాకు చెరిపి, అప్పుడు రాయాలి. మనం రాసింది ఒక ఎంబీ అయితే లోపల రాసింది మూడో నాలుగో ఎంబీలు అవుతుంది. వేగం పడిపోతుంది, ఆయుష్షూ కరుగుతుంది. సి డ్రైవ్ ఎర్రగీత చూపిస్తున్నా నెట్టుకొచ్చేవారికి ఎదురయ్యే మందకొడితనానికి మూలం ఇక్కడే ఉంది. తయారీదారు కొంత జాగా ముందే దాచి ఉంచుతాడు: 256 జీబీ అని అమ్మే డ్రైవ్‌లోని చిప్‌ల అసలు సామర్థ్యం కంప్యూటర్ పద్ధతిలో లెక్కిస్తే 7 శాతం ఎక్కువే. దాని మీదే ఆధారపడకుండా మనం కూడా 15 నుంచి 20 శాతం ఖాళీ ఉంచితే డ్రైవ్ ఊపిరి తీసుకోగలుగుతుంది. నూటికి నూరు నింపిన 512 జీబీ డ్రైవ్ కంటే సగం నింపినదే ఎప్పుడూ చురుకు.

ఖాళీ ఉంచామని మనం అనుకుంటే సరిపోదు, ఆ సంగతి డ్రైవ్‌కి కూడా తెలియాలి. ఫైలు డిలీట్ చేసినప్పుడు విండోస్ తన జాబితాలో పేరు కొట్టేస్తుందే తప్ప పూర్వం ఆ మాట డిస్క్‌కు చెప్పేది కాదు. హార్డ్ డిస్క్‌కు ఆ అవసరం లేదు. ఎస్‌ఎస్‌డీ మాత్రం ఎప్పుడో డిలీటైన పెళ్ళి వీడియోను కూడా మంచి సమాచారమనుకుని, పాపం, జాగ్రత్తగా అటూ ఇటూ మోస్తూనే ఉంటుంది. ఈ లోపాన్ని సరిచేయడానికి వచ్చిన ఆదేశమే ట్రిమ్. 2009లో వచ్చిన విండోస్ 7 నుంచి ఇది ఉంది. పనిచేస్తోందో లేదో చూడడం సులువే: అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఇంగ్లిషు అక్షరాల్లో ‘ఎఫ్‌ఎస్‌యుటిల్ బిహేవియర్ క్వెరీ డిజేబుల్‌డిలీట్‌నోటిఫై’ అని కొట్టాలి. జవాబు 0 అని వస్తే ట్రిమ్ నడుస్తున్నట్టు, 1 అని వస్తే ఆగిపోయినట్టు. సున్నా చూసి కంగారుపడేవాళ్ళున్నారు. ఆపేశావా అని అడిగితే లేదని చెబుతోందన్నమాట. దీనికి తోడు ‘ఆప్టిమైజ్ డ్రైవ్స్’ అనే విండోస్ పనిముట్టు వారానికోసారి తనంతట తాను ట్రిమ్ పంపుతుంది. ఎస్‌ఎస్‌డీకి డీఫ్రాగ్ చేయకూడదని విని దీన్ని మొత్తంగా ఆపేయడం తప్పు. డ్రైవ్ ఎస్‌ఎస్‌డీ అని గుర్తించాక అది చేసేది పాత తరహా డీఫ్రాగ్ కాదు.

ఇక కొనుగోలు. సాటా ఎస్‌ఎస్‌డీయా, ఎన్‌వీఎంఈనా అన్నది అందరూ అడిగే ప్రశ్న. మూడో తరం సాటా తీగ సెకనుకు 6 గిగాబిట్లు మోస్తుంది. సంకేతాల ఖర్చు పోను 600 ఎంబీ, చేతికి వచ్చేది 550. ఎన్‌వీఎంఈ డ్రైవ్ పీసీఐఈ దారిలో నేరుగా ప్రాసెసర్‌తో మాట్లాడుతుంది. మూడో తరం నాలుగు వరుసల దారి అయితే 3,500 ఎంబీ, నాలుగో తరం అయితే 7,000 ఎంబీ దాకా. అంకెలు చూస్తే సాటా దండగ అనిపిస్తుంది. 1967లో జీన్ ఆమ్‌డాల్ చెప్పిన సూత్రం ఇక్కడ కళ్ళు తెరిపిస్తుంది: ఒక పనిలో ఏ భాగాన్ని ఎంత వేగవంతం చేసినా, మిగిలిన భాగం పట్టే సమయం అలాగే ఉంటుంది. ఒక సిస్టం లేవడానికి 100 సెకన్లు పడుతోంది, అందులో 80 డిస్క్ కోసం, 20 ప్రాసెసర్ పని అనుకుందాం. డిస్క్‌ను 50 రెట్లు వేగవంతం చేస్తే 80 కాస్తా 1.6 అవుతుంది, మొత్తం 21.6 సెకన్లు. దానికంటే ఇంకో అయిదు రెట్లు వేగమైన డ్రైవ్ పెడితే 0.32, మొత్తం 20.32. మొదటి మార్పుతో 78 సెకన్లు మిగిలాయి, రెండో దాంతో సెకనుంపావు. కాబట్టి పాత ల్యాప్‌టాప్‌కి సాటా చాలు, అది చిన్నతనమేమీ కాదు. కొత్త సిస్టంలో స్లాటు ఉండి, ధరలో తేడా లేకపోతే ఎన్‌వీఎంఈ తీసుకోవాలి. అంతకుమించి ఈ చర్చకు విలువ లేదు.

దానికంటే ముఖ్యంగా చూడాల్సినది డ్రైవ్ లోపల డీర్యామ్ ఉందా లేదా అన్నది. ఇందాక చెప్పిన పట్టిక ఉంది కదా, ఏ ముక్క ఏ పేజీలో ఉందో రాసుకునేది, దానికి ఒక టీబీ డ్రైవ్‌లో సుమారు ఒక జీబీ జాగా కావాలి. డీర్యామ్ ఉంటే పట్టిక అంతా చేతికందుబాటులో ఉంటుంది. లేకపోతే పట్టిక ముక్కను కూడా ప్రతిసారీ ఫ్లాష్ నుంచే చదవాలి. చిన్న ముక్కల వేగం దెబ్బతింటుంది. ఎన్‌వీఎంఈలో అయితే కంప్యూటర్ ర్యామ్‌లోంచి కొంత అప్పు తీసుకునే ఏర్పాటుంది కాబట్టి డీర్యామ్ లేకున్నా నడుస్తుంది. సాటాకు ఆ సదుపాయం లేదు. అందుకని పాత సిస్టంకు సాటా కొనేటప్పుడు మరో కొన్ని వందలు పెట్టి డీర్యామ్ ఉన్నది తీసుకోవడం మేలు. పేరు కూడా తెలియని కంపెనీది, మరీ చవకగా ఒక టీబీ, రెండు టీబీ అని అమ్మేది దగ్గరికి రానివ్వకూడదు. నిజానికి తక్కువ చిప్‌లు పెట్టి కంప్యూటర్‌కు మాత్రం ఎక్కువ అని అబద్ధం చెప్పే డ్రైవ్‌లు ఉన్నాయి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ లాంటి ఉచిత ప్రోగ్రాంతో మొత్తం నింపి తిరిగి చదివిస్తే గుట్టు బయటపడుతుంది.

ఎం.2 అన్న మాట దగ్గర చాలామంది దెబ్బతింటారు. ఎం.2 అనేది ఆకారం పేరే. 22 మిల్లీమీటర్ల వెడల్పు, ఎక్కువగా 80 మిల్లీమీటర్ల పొడవు ఉన్న పలక. దాని లోపల సాటా ఉండొచ్చు, ఎన్‌వీఎంఈ ఉండొచ్చు. స్లాటు కొన్నిచోట్ల ఒకదాన్నే ఒప్పుకుంటుంది. పలక చివర బంగారు పూత పళ్ళ మధ్య ఒక గాటు ఉంటే చాలాసార్లు ఎన్‌వీఎంఈ, రెండుంటే చాలాసార్లు సాటా అయి ఉంటుంది, అయినా అదే రుజువనుకోకుండా ల్యాప్‌టాప్ మోడల్ వివరాలు చూశాకే డబ్బు కట్టాలి.

పాత ల్యాప్‌టాప్‌లో చేసే మరో ప్రయోగం డీవీడీ డ్రైవ్ తీసేసి, ఆ ఖాళీలో చట్రం పెట్టి ఎస్‌ఎస్‌డీ బిగించడం. లోపలి హార్డ్ డిస్క్ విప్పే శ్రమ తప్పుతుందని ఇలా చేస్తారు. చాలా పాత మోడళ్ళలో డీవీడీకి ఇచ్చిన దారి మొదటి తరం లేదా రెండో తరం సాటా. డీవీడీకి అంతకంటే అక్కర్లేదు కనుక తయారీదారు అక్కడ పొదుపు చేశాడు. ఎస్‌ఎస్‌డీ అక్కడ పెడితే 550 బదులు 130 నుంచి 270 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. రెండూ ఉంచుకోవాలంటే ఎస్‌ఎస్‌డీని అసలు చోట, పాత హార్డ్ డిస్క్‌ను డీవీడీ చోట పెట్టాలి. ఎలా తగిలిందో తెలుసుకోవడానికి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం చాలు. అందులో ట్రాన్స్‌ఫర్ మోడ్ ఎదురుగా రెండు అంకెలుంటాయి: మొదటిది ప్రస్తుతం నడుస్తున్న దారి, రెండోది డ్రైవ్ ఒప్పుకునే దారి. ‘సాటా/600, సాటా/600’ అని ఉంటే బాగుంది. ‘సాటా/300, సాటా/600’ అని ఉంటే డ్రైవ్ సిద్ధంగా ఉన్నా దారి ఇరుకైందన్నమాట. డెస్క్‌టాప్‌లలో ఒకే మదర్‌బోర్డు మీద వేర్వేరు తరాల సాటా పోర్టులుంటాయి. చాలాసార్లు తీగ మార్చి పక్క పోర్టులో పెడితే పని అయిపోతుంది.

బయోస్‌లో సాటా మోడ్ ఏహెచ్‌సీఐ అని ఉండాలి. పాత సిస్టంలలో ఐడీఈ అని ఉండిపోయి ఉంటుంది. ఆ పద్ధతిలో ఒకేసారి 32 ఆదేశాల వరుస పెట్టుకునే సదుపాయం పోతుంది. విండోస్ ఎక్కించాక మోడ్ మారిస్తే నీలితెర వస్తుంది. ఒకసారి సేఫ్ మోడ్‌లో లేచేలా పెట్టి, అప్పుడు బయోస్‌లో మార్చి, లేచాక సేఫ్ మోడ్ తీసేస్తే సాధారణంగా కుదురుకుంటుంది. ఫార్మాట్ కొట్టకముందే చూసుకుంటే ఈ తిప్పలేమీ ఉండవు.

ఫార్మాట్ కొట్టాలా, పాత డిస్క్‌కు ఉన్నదున్నట్టు నకలు తీసే క్లోనింగ్ చేయాలా? శుభ్రంగా కొత్త విండోస్ ఎక్కించడమే మంచిదని నా ఓటు. ఏళ్ళ తరబడి పేరుకున్న చెత్తను కొత్త డ్రైవ్‌లోకి మోసుకెళ్ళడం దేనికి? అయితే డీటీపీ వాళ్ళ ఇబ్బంది కూడా అబద్ధం కాదు. 2001లో చివరి వెర్షన్ వచ్చిన పేజ్‌మేకర్, దానికి జతగా అను ఫాంట్లు, ఏళ్ళుగా అలవాటైన కీబోర్డు అమరిక, ఎప్పుడో ఎవరో వచ్చి కుదిర్చిన ప్రింటరు. ఇవన్నీ మళ్ళీ కూర్చుకోవడం ఒక పూట పని కాదు. అలాంటి సిస్టంను క్లోనింగ్ చేయక తప్పదు. అప్పుడు ఒక్క లెక్క సరిచూసుకోవాలి. విండోస్ ఎక్స్‌పీ కాలంలో మొదటి పార్టిషన్ 63వ సెక్టారు దగ్గర మొదలయ్యేది. 63ను 512తో గుణిస్తే 32,256. అది 4,096తో భాగించబడదు. అలాంటి డిస్క్‌ను ఉన్నదున్నట్టు క్లోన్ చేస్తే ప్రతి 4 కేబీ ముక్కా రెండు ముక్కల హద్దు మీద కూర్చుంటుంది. ఒకసారి రాయాల్సిన చోట డ్రైవ్ రెండుసార్లు తడమాల్సి వస్తుంది. విస్టా నుంచి ఈ మొదలును సరిగ్గా ఒక ఎంబీ దగ్గరికి జరిపారు. విండోస్‌లోని సిస్టం ఇన్ఫర్మేషన్‌లో స్టోరేజ్ కింద డిస్క్స్ అన్న చోట ‘పార్టిషన్ స్టార్టింగ్ ఆఫ్‌సెట్’ అని ఒక అంకె ఉంటుంది. క్యాలిక్యులేటర్ తీసి 4,096తో భాగించండి. శేషం లేకపోతే అంతా సవ్యం. ఉంటే, పార్టిషన్‌ను సరిచేసే క్లోనింగ్ ప్రోగ్రాంతో మళ్ళీ చేయించుకోవాలి.

వీడియో పనివాళ్ళ లెక్క వేరు. 4కే కెమెరా సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే గంటకు 45 జీబీ. రెండు కెమెరాలతో గంటసేపు కల్యాణం తీస్తే 90 జీబీ. ఇంత పెద్ద మొత్తం ఒకేసారి రాసేటప్పుడు చవక డ్రైవ్‌ల రంగు బయటపడుతుంది. టీఎల్‌సీ, క్యూఎల్‌సీ డ్రైవ్‌లు దాదాపు అన్నీ ఒక చిన్న ఉపాయం చేస్తాయి: కొన్ని సెల్స్‌ను తాత్కాలికంగా ఒకే బిట్ పద్ధతిలో వాడి వేగంగా రాసుకుని, తర్వాత తీరిగ్గా సర్దుకుంటాయి. ఆ వేగపు జాగా ఉన్నంతసేపే డబ్బా మీది అంకె. శామ్‌సంగ్ 860 క్యూవీఓ ఒక టీబీ డ్రైవ్‌లో ఆ జాగా 42 జీబీ. అది నిండాక రాసే వేగం సెకనుకు 80 ఎంబీ అని ఆ సంస్థే ప్రకటించింది. అంటే ఇంకో ఎస్‌ఎస్‌డీ నుంచి 90 జీబీ ఇందులోకి పంపితే మొదటి 42 జీబీ నిమిషంన్నర లోపే, మిగిలిన 48 జీబీ పది నిమిషాలు. 150 ఎంబీతో రాసే మామూలు డెస్క్‌టాప్ హార్డ్ డిస్క్ ఆ 90 జీబీని పది నిమిషాల్లో ముగిస్తుంది! డ్రైవ్ నిండే కొద్దీ ఆ వేగపు జాగా ఇంకా కుంచించుకుపోతుంది కూడా.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఆ 90 జీబీ వచ్చేది కెమెరా కార్డు నుంచి. చాలా కార్డులు వాడే మొదటి రకం యూహెచ్‌ఎస్ దారి గరిష్ఠంగా 104 ఎంబీ. చేతికి వచ్చేది 90 అనుకున్నా, 90 జీబీకి వెయ్యి సెకన్లు, అంటే పావుగంట పైనే. ఎంత ఖరీదైన ఎన్‌వీఎంఈ పెట్టినా ఆ పావుగంట తగ్గదు. కార్డు రీడరు పాత యూఎస్‌బీ 2.0ది అయితే ముప్పావుగంట దాటుతుంది. అక్కడ డబ్బు పెట్టాల్సింది కార్డు మీద, రీడరు మీద. ఎస్‌ఎస్‌డీ తన విలువ చూపించేది కాపీలో కాదు, ఎడిటింగ్‌లో: మూడు నాలుగు క్లిప్‌లను ఒకేసారి తెరిచి, టైమ్‌లైన్ మీద ముందుకీ వెనక్కీ జరుపుతున్నప్పుడు. హార్డ్ డిస్క్ తల నాలుగు చోట్లకు పరుగులు తీస్తూ ఆగిపోయే పని అది. కాబట్టి ఎడిట్ చేస్తున్న పని మాత్రం ఎస్‌ఎస్‌డీలో, అప్పగించేసిన పెళ్ళిళ్ళు హార్డ్ డిస్క్‌లో. ఎస్‌ఎస్‌డీలో ఖాళీ కూడా మిగులుతుంది.

ఆయుష్షు గురించి భయం ఎక్కువ, లెక్క తక్కువ. 250 జీబీ మంచి టీఎల్‌సీ డ్రైవ్‌కు 150 టీబీ రాతకు హామీ ఇవ్వడం మామూలే. రోజుకు 40 జీబీ రాసినా అది పదేళ్ళు. ఈ భయంతోనే కొందరు, ర్యామ్ చాలనప్పుడు విండోస్ డ్రైవ్ మీద వాడుకునే పేజ్ ఫైలు ఆపేయడం, టెంపరరీ ఫోల్డర్లను హార్డ్ డిస్క్‌కు మార్చడం లాంటివి చేస్తుంటారు. నాలుగు జీబీ ర్యామ్ ఉన్న సిస్టంలో పేజ్ ఫైలు ఆపితే ప్రోగ్రాంలు మూసుకుపోతాయి. దాన్ని హార్డ్ డిస్క్ మీదికి జరిపితే, వదిలించుకున్న నిరీక్షణను మళ్ళీ పిలిచి కూర్చోబెట్టినట్టే. ఎస్‌ఎస్‌డీతో పాటు ర్యామ్‌ను ఎనిమిది జీబీ చేయించుకుంటే ఈ ఊసే ఉండదు.

కోనసీమకు ప్రత్యేకంగా చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. మొదటిది కరెంటు. డ్రైవ్ తన పట్టికలో మార్పులను వెంటనే ఫ్లాష్‌లో రాయదు, కొంతసేపు డీర్యామ్‌లో ఉంచుకుంటుంది. సర్వర్లకు అమ్మే డ్రైవ్‌లలో, కరెంటు పోయాక కూడా ఆ పని ముగించడానికి సరిపడా కెపాసిటర్లుంటాయి. మనం కొనే వాటిలో చాలావరకు ఉండవు. సెల్‌లో మూడు బిట్లున్నప్పుడు రాత మధ్యలో కరెంటు పోతే, అంతకుముందే అదే సెల్‌లో రాసి ఉన్నదానికీ ముప్పు రావచ్చు. కాబట్టి డెస్క్‌టాప్‌కి యూపీఎస్ తప్పనిసరి. ఇంటికి ఇన్వర్టర్ ఉన్నా అది మారే క్షణంలో సిస్టం రీస్టార్ట్ అవుతుంటే యూపీఎస్ లేనట్టే లెక్క. బ్యాటరీ చచ్చిపోయిన ల్యాప్‌టాప్ కూడా డెస్క్‌టాప్ కిందే జమ.

రెండోది ఉప్పుగాలి, ఉక్క. బంగారు పూత ఉన్న పళ్ళకు తుప్పు పట్టదు కానీ చవక సాటా తీగల చివరలకు పడుతుంది. డ్రైవ్ అప్పుడప్పుడు కనబడకుండా పోతోందంటే డ్రైవ్ పాడైందని తేల్చే ముందు తీగ మార్చి చూడాలి. మూడోది వేడి. ఎన్‌వీఎంఈ కంట్రోలర్ 80 డిగ్రీల దరిదాపుల్లోకి వెళితే తనను కాపాడుకోవడానికి వేగం తానే తగ్గించుకుంటుంది. మే నెల మధ్యాహ్నం ఎడిటింగ్ చేసే గదిలో ఇది పుస్తకాల మాట కాదు. మదర్‌బోర్డుతో వచ్చిన అల్యూమినియం రేకును, దాని కింది మెత్తని ప్యాడ్ మీది ప్లాస్టిక్ పొర ఒలిచి, బిగించాలి. పొర ఒలవకుండా బిగిస్తే రేకు ఉండీ లేనట్టే.

నాలుగోది అంతగా ఎవరూ పట్టించుకోనిది. సెల్‌లో బంధించిన ఎలక్ట్రాన్లు శాశ్వతంగా ఉండవు, మెల్లగా కారిపోతాయి. వేడి ఎక్కువైతే ఇంకా త్వరగా. మామూలు ఎస్‌ఎస్‌డీ తన రాత హామీ పూర్తిగా వాడేసిన తర్వాత కూడా, కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఒక ఏడాది సమాచారం నిలపాలని మెమరీ చిప్‌లకు ప్రమాణాలు నిర్ణయించే జెడెక్ సంస్థ ప్రమాణం చెబుతుంది. కొత్త డ్రైవ్ అంతకంటే చాలా ఎక్కువ కాలమే ఆగుతుంది. కానీ 30 డిగ్రీలన్నది వేసవిలో మన బీరువా చూడని చల్లదనం. పెళ్ళి వీడియోలు, పాత ఫొటోలు ఎస్‌ఎస్‌డీలో వేసి బీరువాలో పెట్టి అయిదేళ్ళ తర్వాత తీద్దామనుకోవడం సరైన పద్ధతి కాదు. దాచడానికి హార్డ్ డిస్కే మేలు, అదీ రెండు కాపీలు, ఒకటి వేరే ఊళ్ళో. 1996 నవంబరు 6 తుఫానును చూసిన, మురమళ్ళ ఉన్న ఐ.పోలవరం మండలంలో ‘వేరే ఊళ్ళో’ అన్న మాటకు కారణం వివరించనక్కర్లేదు.

ఇంకో తేడా కూడా తెలిసి ఉండాలి. హార్డ్ డిస్క్ పోయే ముందు చాలాసార్లు టకటకమంటుంది, నెమ్మదిస్తుంది, కొంత టైమిస్తుంది. ఎస్‌ఎస్‌డీ నిన్న రాత్రి వరకు బాగా పనిచేసి, పొద్దున బయోస్‌లో కూడా కనబడకపోవచ్చు. పొరపాటున డిలీట్ చేసిన ఫైలు హార్డ్ డిస్క్‌లోంచి రికవరీ ప్రోగ్రాంతో తిరిగి రావడం మామూలే. ఎస్‌ఎస్‌డీలో ట్రిమ్ వెళ్ళిపోయాక ఆ ఆశ దాదాపు ఉండదు.

సిస్టంలోంచి తీసిన పాత హార్డ్ డిస్క్ ఇక్కడే పనికొస్తుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో ‘రీఅలొకేటెడ్ సెక్టార్స్’ ఎదురుగా సున్నా ఉంటే దాన్ని ఒక ఎక్స్‌టర్నల్ కేసులో బిగించి బ్యాకప్‌కు ఉంచుకోవచ్చు. వరుసగా రాసే పనిలో దానికి వంక పెట్టేదేమీ లేదు. కేసు మాత్రం యూఎస్‌బీ 3.0ది అయి ఉండాలి: 500 జీబీ నింపడానికి దాంతో గంటన్నర లోపు, పాత 2.0 కేసు అయితే నాలుగు గంటలు.